బెంజమిన్ రాబిన్స్

బెంజమిన్ రాబిన్స్ (1707 – జూలై 29, 1751) ఇంగ్లాండు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త, సైనిక ఇంజనీరు. తుపాకి గుండు వేగాన్ని మొదటిసారిగా నమ్మదగిన రీతిలో కొలిచిన వ్యక్తిగా, అందుకొరకు ప్రక్షేపక లోలకం అనే సాధనాన్ని కనిపెట్టినవాడిగా ఇతడు ప్రసిద్ధుడు. తుపాకి గొట్టం లోపల చెక్కే మరచుట్టు గాడులు, అనగా రైఫ్లింగు, ఎందువలన గురిని మెరుగుపరుస్తాయో శాస్త్రీయంగా వివరించిన తొలి పరిశోధకులలో ఇతడు ముఖ్యుడు. ఈనాడు క్రీడగా, వినోదంగా రైఫిల్ పట్టేవారందరూ తెలిసో తెలియకో ఇతడు చెప్పిన సూత్రాలపైనే ఆధారపడుతున్నారు. జీవితపు చివరి సంవత్సరం దక్షిణ భారతదేశంలో ఈస్టిండియా కంపెనీ కొలువులో గడిపి, కడలూరు వద్ద సెయింట్ డేవిడ్ కోటలో మరణించాడు.

బాల్యం, విద్యాభ్యాసం

రాబిన్స్ 1707లో ఇంగ్లాండులోని బాత్ పట్టణంలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు క్వేకర్ శాఖకు చెందిన క్రైస్తవులు. యుద్ధాన్ని, ఆయుధాన్ని నిరసించడం ఈ శాఖవారి ముఖ్య నియమాలలో ఒకటి. అటువంటి ఇంటిలో పుట్టిన బిడ్డ తరువాతి కాలంలో ఫిరంగుల శాస్త్రానికి పునాది వేయడం విశేషం.

ఇతడు విశ్వవిద్యాలయంలో చదువుకోలేదు. చిన్నతనంలోనే గణితంలో కనబరచిన ప్రజ్ఞను గమనించిన మిత్రులు ఇతడు వ్రాసిన కాగితాలను లండనులో ఉన్న డాక్టర్ హెన్రీ పెంబర్టన్‌కు పంపారు. పెంబర్టన్ సామాన్యుడు కాడు. న్యూటన్ ప్రిన్సిపియా మూడవ ముద్రణకు సంపాదకత్వం వహించిన పండితుడు. ఆయన ప్రోత్సాహంతో రాబిన్స్ లండను చేరుకొని, ఆర్కిమెడిస్ మొదలుకొని న్యూటన్ వరకు గొప్ప గణితజ్ఞుల గ్రంథాలను అధ్యయనం చేశాడు. భాషలు నేర్చుకున్నాడు. జీవనోపాధికి గణితం బోధించాడు. క్రమంగా క్వేకర్ల వేషధారణను, ఆచారాలను విడిచిపెట్టాడు.

1727లో, అనగా ఇరవై ఏళ్ళ వయసులో, న్యూటన్ ప్రతిపాదనలలో ఒకదానికి ఇతడు ఇచ్చిన నిరూపణ రాయల్ సొసైటీ పత్రికలో ప్రచురితమైంది. అదే సంవత్సరం ఆ సంస్థ సభ్యునిగా ఎన్నికయ్యాడు. 1734లో బిషప్ బర్క్‌లీ న్యూటన్ కలనగణితానికి తార్కికమైన పునాది లేదని విమర్శించినపుడు, న్యూటన్ పద్ధతిని సమర్థిస్తూ 1735లో రాబిన్స్ ఒక గ్రంథం వ్రాశాడు. 1739లో లియొనార్డ్ ఆయిలర్ యంత్రశాస్త్ర గ్రంథాన్ని కూడా విమర్శించాడు. మొగమాటం లేకుండా వాదించడం ఇతని స్వభావం. దాని ఫలితాలు మంచివీ చెడ్డవీ తరువాత అనుభవించవలసి వచ్చింది.

ఇంజనీరుగా, రాజకీయ రచయితగా

కేవలం బోధనతో తృప్తి చెందక రాబిన్స్ వంతెనలు, మిల్లులు, రేవులు, కోటల నిర్మాణం వైపు దృష్టి మళ్ళించాడు. ఫ్లాండర్స్, హాలండు ప్రాంతాలు తిరిగి అక్కడి ప్రసిద్ధ దుర్గాలను స్వయంగా పరిశీలించాడు. మరొక వైపు అప్పటి ప్రధానమంత్రి రాబర్ట్ వాల్పోల్ విధానాలను వ్యతిరేకిస్తూ కరపత్రాలు వ్రాశాడు. 1742లో వాల్పోల్ పదవి కోల్పోయిన పిమ్మట అతని చర్యలను విచారించడానికి పార్లమెంటు నియమించిన రహస్య సంఘానికి రాబిన్స్ కార్యదర్శిగా పనిచేశాడు.

1741లో వూలిచ్‌లో సైనిక విద్యాలయం ఏర్పడింది. అందులో ఆచార్య పదవిని రాబిన్స్ ఆశించాడు, బోధించవలసిన పాఠాలను కూడా సిద్ధం చేసుకున్నాడు. కాని ఆ పదవి వేరొకరికి దక్కింది. ప్రభుత్వాన్ని విమర్శించిన ఇతని రాజకీయ రచనలే ఇందుకు కారణమని జీవితచరిత్రకారులు భావించారు. అయితే విద్యార్థుల కొరకు సిద్ధం చేసుకున్న విషయమే విస్తరించి 1742లో న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ అనే గ్రంథంగా వెలువడింది. ఇతనికి శాశ్వతమైన కీర్తి తెచ్చినది ఆ చిన్న పుస్తకమే.

ప్రక్షేపక లోలకం

రాబిన్స్‌కు పూర్వం తుపాకి గుండు ఎంత వేగంతో వెళ్తుందో ఎవరికీ సరిగా తెలియదు. కంటికి కనిపించని వేగాన్ని గడియారంతో కొలవడం ఆనాటికి అసాధ్యం. రాబిన్స్ దీనికి సులభమైన ఉపాయం ఆలోచించాడు. ఒక ఇనుప కమ్మీకి బరువైన చెక్క దిమ్మెను బిగించి లోలకం వలె వ్రేలాడదీశాడు. గుండును ఆ దిమ్మెలోకి పేల్చాడు. దిమ్మెలో దిగబడిన గుండు తన ద్రవ్యవేగాన్ని లోలకానికి అందించగా లోలకం వెనుకకు ఊగుతుంది. క్రింద కట్టిన రిబ్బను ఎంత పొడవు లాగబడిందో చూస్తే లోలకం ఎంత దూరం ఊగిందో తెలుస్తుంది. దానినుండి లోలకం వేగం, లోలకం వేగం నుండి గుండు వేగం లెక్కకు వస్తాయి.

ఉదాహరణకు లోలకం బరువు గుండు బరువుకు 700 రెట్లు ఉన్నదనుకుంటే, స్థూలంగా సెకనుకు 1,700 అడుగుల వేగం సుమారు రెండున్నర అడుగుల వేగానికి తగ్గుతుంది. ఇంత చిన్న వేగాన్ని కొలవడం ఎవరికైనా సాధ్యమే. ద్రవ్యవేగ నిత్యత్వ నియమాన్ని బోధించడానికి ఈనాటికీ భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలలో ఈ ప్రయోగాన్నే ఉదహరిస్తారు.

వాయు నిరోధం

గెలీలియో కాలం నుండి గుండు పరావలయ మార్గంలో పోతుందని, దానిపై గాలి ప్రభావం స్వల్పమని ఫిరంగిదళాల వారు నమ్మేవారు. రాబిన్స్ కొలతలు ఈ నమ్మకాన్ని తలక్రిందులు చేశాయి. సెకనుకు సుమారు 1,700 అడుగుల వేగంతో 45 డిగ్రీల కోణంలో పేల్చిన గుండు, గాలి లేనట్లయితే, 17 మైళ్ళ దూరం పోవాలి. వాస్తవానికి అది ఒక మైలు కూడా పోదు. ముప్పాతిక అంగుళం వ్యాసం, పౌనులో పన్నెండవ వంతు బరువు ఉన్న సీసపు గుండుపై ఆ వేగం వద్ద గాలి కలిగించే నిరోధం సుమారు 10 పౌన్లని, అనగా గుండు బరువుకు 120 రెట్లని రాబిన్స్ నిర్ణయించాడు.

లోలకాన్ని వేరువేరు దూరాలలో ఉంచి పేల్చగా మరొక విషయం బయటపడింది. గుండు వేగం ధ్వని వేగాన్ని సమీపించి దాటినపుడు గాలి నిరోధం ఒక్కసారిగా, అంచనాకు దాదాపు మూడు రెట్లు పెరుగుతున్నది. ధ్వని వేగం వద్ద వాయు నిరోధం విపరీతంగా పెరుగుతుందన్న విషయం ఇరవయ్యవ శతాబ్దంలో విమానాల నిర్మాతలకు పెద్ద సమస్య అయింది. దానిని 1740లలోనే ఒక చెక్క దిమ్మెతో గుర్తించడం రాబిన్స్ సూక్ష్మదృష్టికి నిదర్శనం. తక్కువ వేగాల వద్ద నిరోధాన్ని కొలవడానికి, బరువు దిగుతుండగా గుండ్రంగా తిరిగే ఒక చేతిని కూడా నిర్మించాడు. వాయుగతిశాస్త్రంలో తొలి ప్రయోగ సాధనాలలో ఇది ఒకటి.

వంచిన గొట్టం ప్రయోగం

ఒకే తుపాకిని కదలకుండా బిగించి, ఒకే కొలత మందుతో పేల్చినా గుండ్లు ఒకసారి కుడికి, మరొకసారి ఎడమకు ఎందుకు పోతాయి? గొట్టం లోపలి గోడను ఒరుసుకొంటూ బయటకు వచ్చే గుండు గిరగిర తిరుగుతుందని, ఆ భ్రమణం వలన గాలి దానిని ఒక ప్రక్కకు నెడుతుందని రాబిన్స్ ఊహించాడు. ఎటు తిరుగుతుందో ముందుగా చెప్పలేము కనుక ఎటు పోతుందో కూడా చెప్పలేము.

దీనిని నిరూపించడానికి ఒక తుపాకి గొట్టాన్ని మూతి దగ్గర కొద్దిగా ఎడమ వైపుకు వంచాడు. గుండు వెళ్ళే దారిలో పలుచని కాగితపు తెరలు వరుసగా నిలబెట్టాడు. గొట్టం ఎడమకు వంగి ఉన్నది కనుక గుండు మొదటి తెరను ఎడమ వైపున చీల్చింది. కాని దూరం పోయేకొద్దీ దాని మార్గం కుడి వైపుకు తిరిగింది. వంపు వద్ద గొట్టపు కుడి గోడను ఒరుసుకొని రావడం వలన కలిగిన భ్రమణమే దీనికి కారణం. క్రికెట్ బంతి గాలిలో వంగడంలోను, టెన్నిస్ బంతి పథం మారడంలోను భ్రమణం వలన కనిపించే ప్రభావం ఇదే. 1852లో ఈ విషయాన్ని పరిశోధించిన జర్మను శాస్త్రవేత్త మాగ్నస్ పేరిట దీనిని మాగ్నస్ ప్రభావం అని పిలుస్తున్నారు. రాబిన్స్ దానిని శతాబ్దం ముందే చూపాడు. అయితే ఆయిలర్ అంతటివాడు ఈ వివరణను అంగీకరించలేదు. గుండు ఆకారంలోని లోపాలే కారణమని ఆయన అభిప్రాయపడ్డాడు. ఆయన మాటకున్న గౌరవం వలన రాబిన్స్ వివరణ చాలాకాలం మరుగున పడింది.

రైఫ్లింగుపై సిద్ధాంతం

గొట్టం లోపల మరచుట్టు గాడులు చెక్కే పద్ధతి రాబిన్స్ కనిపెట్టినది కాదు. జర్మను ప్రాంతాలలో పదిహేనవ శతాబ్దం చివరినాటికే ఆ పని తెలిసినవారున్నారు. వేటగాళ్ళు, గురిపోటీలలో పాల్గొనేవారు అటువంటి తుపాకులను ఇష్టపడేవారు. కాని అవి ఎందుకు మంచి గురి ఇస్తాయో తెలియదు. గుండు గాలిని మరమేకు వలె తొలుచుకొని పోతుందని కొందరు, గొట్టంలో బిగువుగా ఉండుట వలన ఎక్కువ బలంతో వస్తుందని కొందరు అనుకునేవారు.

1747లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో రాబిన్స్ ఈ ఊహలను త్రోసిపుచ్చాడు. గాడులు గుండుకు అదనపు వేగాన్ని ఇవ్వవు. అవి ఇచ్చేది క్రమమైన భ్రమణం. నునుపు గొట్టం నుండి వచ్చే గుండు ఏ అక్షంపై తిరుగుతుందో తెలియదు. గాడులున్న గొట్టం నుండి వచ్చే గుండు తాను ప్రయాణించే రేఖనే అక్షంగా చేసుకొని తిరుగుతుంది. కనుక గాలి దానిని ఒక ప్రక్కకు నెట్టే అవకాశం ఉండదు. గుండు ఉపరితలంలోని చిన్న లోపం కూడా ఒకే వైపున ఉండిపోక చుట్టూ తిరుగుతూ తన ప్రభావాన్ని తానే రద్దు చేసుకుంటుంది. తిరుగుతున్నంత సేపు బొంగరం పడిపోకుండా నిలిచినట్లే గుండు కూడా తన దిశను నిలుపుకుంటుంది.

రాబిన్స్ ఇంతటితో ఆగలేదు. గోళాకారపు గుండుకు బదులు కోడిగ్రుడ్డు ఆకారంలో, లావు భాగం ముందుకు ఉండేటట్లు తూటాను తయారుచేయాలని సూచించాడు. గొట్టం మూతినుండి కాక వెనుకనుండి మందు, గుండు కూరే ఏర్పాటు అన్నింటికన్నా మేలైనది కాగలదని పేర్కొన్నాడు. ఏ దేశం రైఫ్లింగు స్వభావాన్ని పూర్తిగా గ్రహించి, దానితో తన సైన్యాన్ని సిద్ధం చేస్తుందో, ఆ దేశం మందుగుండు మొదట కనిపెట్టినవారికి కలిగినంత ఆధిక్యాన్ని పొందుతుందని చెప్పి ఆ పత్రాన్ని ముగించాడు.

గుర్తింపు

1746లో రాయల్ సొసైటీ తన అత్యున్నత పురస్కారమైన కోప్లే పతకాన్ని రాబిన్స్‌కు ప్రదానం చేసింది. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఫిరంగి విద్యపై ఉత్తమ గ్రంథమేదని అడిగినపుడు, తనను ఒకప్పుడు విమర్శించిన రాబిన్స్ గ్రంథాన్నే ఆయిలర్ సూచించాడు. అంతేకాక 1745లో దానిని స్వయంగా జర్మను భాషలోకి అనువదించి మూలగ్రంథాన్ని మించిన వ్యాఖ్యానం చేర్చాడు. ఆ వ్యాఖ్యానం 1777లో తిరిగి ఆంగ్లంలోకి వచ్చింది. నెపోలియన్ ఫిరంగిదళంలో యువ అధికారిగా ఉన్న రోజులలో ఈ గ్రంథాన్ని చదివి గమనికలు వ్రాసుకున్నాడు.

1747లో నౌకాదళానికి తేలికైన, పెద్ద గుండు వేయగల ఫిరంగులు కావాలని రాబిన్స్ ప్రతిపాదించాడు. 1770లలో వచ్చిన కారొనేడ్ ఫిరంగులకు ఈ ఆలోచనే మార్గం చూపింది. 1748లో వెలువడి యూరపు అంతటా పేరుపొందిన ఆన్సన్ ప్రపంచ నౌకాయాత్రా గ్రంథంపై మతాధికారి రిచర్డ్ వాల్టర్ పేరున్నప్పటికీ, దాని రచనలో రాబిన్స్ పాత్ర పెద్దదని చెప్తారు. ఎవరి పాత్ర ఎంత అన్నది వివాదాంశంగానే మిగిలింది.

భారతదేశంలో

1746లో లా బూర్దొనే నాయకత్వంలో ఫ్రెంచివారు మద్రాసును వశపరచుకున్నారు. అప్పటినుండి కడలూరు సమీపంలోని సెయింట్ డేవిడ్ కోట కోరమాండల్ తీరంలో ఇంగ్లీషు కంపెనీకి ముఖ్య స్థానమైంది. 1748 సంధి ప్రకారం 1749లో మద్రాసు తిరిగి కంపెనీకి దక్కింది. కోటల బలహీనత కళ్ళకు కట్టినట్లు కనిపించింది కనుక వాటిని పటిష్ఠపరచగల నిపుణుని కొరకు కంపెనీ వెదకింది.

అదే సమయంలో అమెరికాలో ఇంగ్లీషు, ఫ్రెంచి వలసల సరిహద్దులు తేల్చడానికి పారిస్ వెళ్ళే అవకాశం కూడా రాబిన్స్‌కు వచ్చింది. ఇతడు దానిని కాదని కంపెనీ ఇంజనీరు జనరల్ పదవిని ఎన్నుకున్నాడు. ఏటా 500 పౌన్ల వేతనం నిర్ణయించారు. ఖగోళ పరిశీలనకు, ప్రయోగాలకు కావలసిన పరికరాలను వెంట తీసుకొని 1749 చివరిలో ఓడ ఎక్కాడు. 1750 జూలైలో సెయింట్ డేవిడ్ కోటకు చేరుకున్నాడు.

వచ్చిన వెంటనే మద్రాసులోని సెయింట్ జార్జి కోటకు, సెయింట్ డేవిడ్ కోటకు కొత్త రక్షణ నిర్మాణాల పథకాలు తయారు చేశాడు. కాని ఇక్కడి వాతావరణం పడలేదు. సెప్టెంబరులో తీవ్రమైన జ్వరం వచ్చింది. కోలుకున్నా పూర్వపు ఆరోగ్యం తిరిగి రాలేదు. 1751 జూలై 29న, 44 ఏళ్ళ వయసులో మరణించాడు. కంపెనీకి పంపవలసిన నివేదికను వ్రాస్తూ, కలం చేతిలో ఉండగానే ప్రాణం విడిచినట్లు చెప్తారు. తరువాత సుమారు నెల రోజులకే రాబర్ట్ క్లైవ్ ఆర్కాటును పట్టుకోవడంతో దక్షిణ భారత చరిత్ర మలుపు తిరిగింది.

ఇతని కోట పథకాలు ఇతని చేతులమీదుగా పూర్తి కాలేదు. సెయింట్ డేవిడ్ కోటను 1758లో ఫ్రెంచి సేనాని లాలీ పట్టుకొని దాని రక్షణలను నేలమట్టం చేశాడు. కాని తరువాతి ఇంజనీర్లు బలపరచిన సెయింట్ జార్జి కోట 1758-59లో అదే లాలీ ముట్టడిని తట్టుకొని నిలబడింది.

మరణానంతరం

రైఫిల్ విషయంలో రాబిన్స్ చెప్పిన మాట నిజం కావడానికి వంద సంవత్సరాలు పట్టింది. గాడులలో బిగువుగా పట్టే గుండును మూతినుండి దిగగొట్టడం ఆలస్యమయ్యే పని. కనుక సైన్యాలు చాలాకాలం నునుపు గొట్టాలనే వాడాయి. 1849లో ఫ్రెంచి అధికారి మినియే రూపొందించిన తూటా ఈ చిక్కును విడదీసింది. అది సులభంగా లోపలికి జారుతుంది, పేలినపుడు దాని బోలు అడుగు భాగం వ్యాకోచించి గాడులను పట్టుకుంటుంది. ఈ సూత్రంపై తయారైనదే 1853 నాటి ఎన్‌ఫీల్డ్ రైఫిల్.

భారతీయులకు ఈ రైఫిల్ మరొక కారణం వలన గుర్తుంటుంది. దాని తూటాల కాగితానికి ఆవు, పంది కొవ్వు పూశారన్న వార్త 1857లో సిపాయిల తిరుగుబాటుకు తక్షణ కారణాలలో ఒకటైంది. రాబిన్స్ పత్రం చదివిన 110 ఏళ్ళకు, రైఫ్లింగు సైనిక ఆధిక్యాన్ని ఇస్తుందన్న అతని మాట నిజమవుతున్న వేళ, ఆ రైఫిల్ తూటాయే అతడు కొలువు చేసిన కంపెనీ పాలన అంతానికి ఒక నిమిత్తమైంది.

నేటి వినోద షూటింగులో

యుద్ధరంగంతో సంబంధం లేని ఒక చిన్న తూటాలో రాబిన్స్ సూత్రాలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. అది 1887లో వచ్చిన .22 లాంగ్ రైఫిల్ అనే రిమ్‌ఫైర్ తూటా. రిమ్‌ఫైర్ తూటాలో నిప్పు పుట్టించే రసాయనం అడుగున మధ్యభాగంలో కాక చుట్టూ ఉన్న అంచు మడతలో ఉంటుంది. తుపాకి సూది ఆ అంచును నొక్కగానే మందు అంటుకుంటుంది. అంచు నలిగేటంత పలుచగా ఉండాలి కనుక ఇందులో ఎక్కువ పీడనం ఉంచడానికి వీలులేదు. వాడిన తొడుగును సాధారణంగా మరల నింపి వాడరు. కాని ఈ పరిమితులే దానికి ఆదరణ తెచ్చాయి. ధర తక్కువ, చప్పుడు తక్కువ, భుజానికి తగిలే తాకిడి దాదాపు లేదు, గొట్టం అరుగుదల కూడా స్వల్పమే. కొత్తగా నేర్చుకునేవారు బెదరకుండా శ్వాస, దృష్టి, మీట నొక్కే తీరు మీద మనసు నిలపగలరు.

ఈ తూటా బరువు సాధారణంగా 40 గ్రెయిన్లు, అనగా సుమారు 2.6 గ్రాములు. రాబిన్స్ వాడిన సీసపు గుండు దీనికి 14 రెట్లకు మించిన బరువు. సెకనుకు 1,080 అడుగుల వేగంతో లెక్కిస్తే ఆ పాత గుండు శక్తి దీని శక్తికి సుమారు 36 రెట్లు. అయినా 50 మీటర్ల దూరంలో చిన్న నాణెం అంత గురిని ఈ చిన్న తూటా మరల మరల తాకగలదు. కారణం గాడులే. ఈ రైఫిళ్ళలో గాడి సాధారణంగా 16 అంగుళాలకు ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లెక్కన పై వేగంతో వెలువడే తూటా సెకనుకు 810 సార్లు తిరుగుతుంది.

పోటీలకు వాడే తూటాలను బుద్ధిపూర్వకంగా ధ్వని వేగం కన్నా కొంచెం తక్కువ వేగంతో తయారుచేస్తారు. ధ్వని వేగాన్ని దాటి మరల దిగివచ్చే తూటా ఆ దశలో ఒడిదుడుకులకు లోనై గురి తప్పే అవకాశం ఉంది. రాబిన్స్ లోలకంతో గుర్తించిన నిరోధపు పెరుగుదలే దీనికి మూలం.

ఒలింపిక్ క్రీడలలో 50 మీటర్ల రైఫిల్, 25 మీటర్ల పిస్టల్ పోటీలకు ఈ తూటానే వాడతారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్య పతకం సాధించాడు. హైదరాబాదుకు చెందిన ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో 25 మీటర్ల పిస్టల్ వ్యక్తిగత పోటీలో రజతం, జట్టు పోటీలో స్వర్ణం గెలుచుకున్నది. భారతదేశంలో ఇటువంటి ఆయుధాలకు 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు అవసరం.

ముఖ్య రచనలు

* న్యూటన్ ఫ్లక్షన్ల పద్ధతి స్వభావంపై ప్రసంగం (1735)
* ఆయిలర్, స్మిత్, జురిన్ గ్రంథాలపై వ్యాఖ్యలు (1739)
* న్యూ ప్రిన్సిపుల్స్ ఆఫ్ గన్నరీ (1742)
* బ్రిటిషు నౌకాదళ బలాన్ని పెంచుటకు ప్రతిపాదన (1747)
* మాథమెటికల్ ట్రాక్ట్స్, రెండు సంపుటాలు (1761) – మరణానంతరం మిత్రుడు జేమ్స్ విల్సన్ సంకలనం చేసి ప్రచురించాడు. రైఫ్లింగుపై పత్రం ఇందులో ఉంది.

ఇవి కూడా చూడండి

* ఐజాక్ న్యూటన్
* లియొనార్డ్ ఆయిలర్
* మాగ్నస్ ప్రభావం
* సెయింట్ జార్జి కోట
* 1857 సిపాయిల తిరుగుబాటు